అర మాత్ర లెక్క

ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాలగుత్తి పెట్టే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, పేరు తాళాలకు దక్కుతుంది. మళ్లీ రాకుండా కాసేది మాత్రం రోజూ వేసుకునే మాత్రే.

పంజాగుట్టలో నిమ్స్ చుట్టుపక్కల ఏ మందుల షాపులో అడిగినా అలాంటి మాత్రల్లో ఒకటైన ఎప్టాయిన్ దొరుకుతుంది. అసలు మందు పేరు ఫెనిటాయిన్. మూర్ఛకు పనికొస్తుందని 1938లో అమెరికాలో మెరిట్, పుట్నమ్ అనే వైద్యులు తేల్చారు. అంతకుముందు వాడిన గార్డినాల్‌తో ఫిట్స్ తగ్గినా మత్తు వదిలేది కాదు. ఫెనిటాయిన్ మెదడు కణాల్లోని సోడియం ద్వారాలను పట్టుకుంటుంది. అదీ, కణం అదుపు తప్పి ఎడాపెడా సంకేతాలు కొడుతున్నప్పుడే ఎక్కువగా.

చిక్కంతా లివర్ దగ్గర. ఈ మందును విరగ్గొట్టే ఎంజైముకు ఓ హద్దుంది. సాయంత్రం అమీర్‌పేట మెట్రోలో బయటికెళ్లే గేట్లన్నీ నిండిపోయాక ఇంకో రైలు దిగితే ఏమవుతుంది? జనం లోపలే పేరుకుపోతారు. మందూ అంతే. రోజుకు 300 మిల్లీగ్రాములతో కుదురుగా ఉన్నవాళ్లకు 400 ఇస్తే రక్తంలో మోతాదు రెట్టింపు దాటిపోవచ్చు. మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాలి. అది మించితే కళ్లు అదురుతాయి, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. ఎరగనివాళ్లు తాగొచ్చాడనుకుంటారు. డాక్టరు అర మాత్ర చొప్పున పెంచేది అందుకే, పిసినారితనం కాదు. షాపువాళ్లు 'అదే మందు, కంపెనీ వేరు' అంటూ మార్చి ఇచ్చినా లెవెల్ కదలొచ్చు.

ఫెనిటాయిన్ ఏళ్లతరబడి వాడితే చిగుళ్లు పళ్లమీదికి పెరగొచ్చు. మూర్ఛకు వాడే మిగతా మందులకూ వాటి చిక్కులు వాటికున్నాయి. కార్బమజెపిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒంటిమీద దద్దుర్లొస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. అరుదుగానైనా చర్మం ఊడి ప్రాణంమీదికి వస్తుంది. వాల్‌ప్రోయేట్ ఒళ్లు పెంచుతుంది, జుట్టు రాలుస్తుంది. గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది కనుక పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు సాధ్యమైనంతవరకు ఇవ్వరు. లెవిటిరాసిటమ్ మిగతా మందులతో పెద్దగా తగవు పెట్టుకోదు గానీ, కొందరు దానివల్ల ఇంట్లోవాళ్లతో పెట్టుకుంటారు. ఆ చిరాకు మందుదని తెలియక మనిషిని తిట్టిపోస్తాం.

ఇవన్నీ విని మాత్ర మానేస్తే మరీ ప్రమాదం. ఉన్నట్టుండి ఆపితే ఫిట్ మీద ఫిట్ వచ్చి ఆగకపోవచ్చు. హాస్టల్లో పరీక్షలకు రాత్రంతా మేలుకుని, తెల్లారి మాత్ర మర్చిపోయే కుర్రాడికి ముప్పు రెండువైపులా ఉన్నట్టే.

ఫెనిటాయిన్ లెవెల్ పరీక్షకు వెళ్లేవాళ్లు సాధారణంగా పొద్దుటి మాత్రకు ముందే రక్తం ఇవ్వాలి. మాత్ర జేబులో పెట్టుకెళ్లి, సూది తీసిన వెంటనే వేసుకోవచ్చు.