కీటకాల రక్తకణాలు: రకాలు, రక్షణ విధులు

శనగ పైరుపై కనిపించే శనగపచ్చ పురుగు తొలి దశ లార్వాలలో క్యాంపోలెటిస్ క్లోరిడే అనే బదనిక గుడ్లు పెడుతుంది. గుడ్డు లోపల చేరిన క్షణం నుండి పురుగు రక్తకణాలు దానిని శత్రువుగా పరిగణిస్తాయి. బదనిక పిల్ల బ్రతుకుతుందా, పురుగు బ్రతుకుతుందా అన్నది చాలావరకు ఈ కణాల ప్రవర్తనపైనే ఆధారపడి ఉంటుంది.

కీటకాలది వివృత రక్తప్రసరణ వ్యవస్థ. హీమోలింఫ్ అనే రక్తం శరీర కుహరంలోని అవయవాలను నేరుగా తడుపుతుంది. ప్రాణవాయువును వాయునాళాలే కణజాలాలకు అందిస్తాయి. కాబట్టి చాలా కీటకాల రక్తంలో హీమోగ్లోబిన్ ఉండదు. ఈ రక్తంలోని కణాలే హీమోసైట్లు. సీతాకోకచిలుకలు, రెక్కల పురుగుల లార్వాలలో ఇవి ప్రధానంగా ఐదు రకాలు.

1. ప్రోహీమోసైట్లు: చిన్నవి, గుండ్రనివి, ఇతర కణాలకు మూలకణాలు.
2. ప్లాస్మాటోసైట్లు: అన్య పదార్థాలకు అతుక్కొని పలుచగా పరచుకుంటాయి.
3. గ్రాన్యులోసైట్లు: కణికలతో నిండి ఉంటాయి, సూక్ష్మజీవులను మింగివేస్తాయి.
4. స్ఫెరులోసైట్లు: గోళాకార రేణువులు గలవి.
5. ఈనోసైటాయిడ్లు: మెలనిన్ తయారీకి అవసరమైన ఫీనాల్ ఆక్సిడేజ్ ఎంజైమును అందిస్తాయి.

శత్రువు పరిమాణాన్ని బట్టి రక్షణ విధానం మారుతుంది. కొద్దిపాటి బాక్టీరియాను కణాలు విడివిడిగా మింగివేస్తాయి. వాటి సంఖ్య పెరిగినప్పుడు కణాలు గుమిగూడి ముడులుగా బంధిస్తాయి. బదనిక గుడ్డు వంటి పెద్ద వస్తువును మింగడం సాధ్యం కాదు. అప్పుడు గ్రాన్యులోసైట్లు ముందుగా దానిని తాకుతాయి; వాటిపై ప్లాస్మాటోసైట్లు పొరలు పొరలుగా పేరుకుంటాయి. ఈ కవచం తరచుగా మెలనిన్‌తో నల్లబడుతుంది, లోపలి గుడ్డు నశిస్తుంది.

ఈ ప్రమాదానికి క్యాంపోలెటిస్ వద్ద విరుగుడు ఉన్నది. తల్లి బదనిక అండాశయంలో తయారయ్యే ఇక్నోవైరస్ రేణువులు గుడ్డుతోపాటు పురుగు రక్తంలో ప్రవేశిస్తాయి. ఇవి అక్కడ వృద్ధి చెందవు. కాని వీటి జన్యువులు పనిచేసి, రక్తకణాలు అతుక్కొని పరచుకొనే శక్తిని దెబ్బతీస్తాయి. కవచం ఏర్పడనందున గుడ్డు పొదిగి, పిల్ల పురుగును లోపలినుండి తినివేస్తుంది. పిదప బయటకు వచ్చి మొక్కపై గూడు అల్లుకుంటుంది.

పురుగు ఎదిగి కాయలను తొలిచే దశకు చేరకముందే ఈ ప్రక్రియ ముగియడం రైతుకు లాభం. కనుక పైరుపై బదనిక గూళ్ళు కనిపించినప్పుడు విచక్షణారహితంగా పురుగుమందులు చల్లరాదు. రక్తకణాలను జయించిన బదనికను మందు హతమార్చితే, నష్టపోయేది పైరే.