కేరాఫ్ కంచరపాలెం

కేరాఫ్ కంచరపాలెం 2018 సెప్టెంబరు 7న విడుదలైన తెలుగు చలనచిత్రం. దీనికి వెంకటేష్ మహా రచన, దర్శకత్వం వహించాడు. దర్శకునిగా ఇది అతని మొదటి చిత్రం. విజయ ప్రవీణ ఆర్ట్స్ పతాకంపై పరుచూరి ప్రవీణ నిర్మించగా, సురేష్ ప్రొడక్షన్స్ ద్వారా దగ్గుబాటి రానా సమర్పించాడు. విశాఖపట్నం నగరంలోని కంచరపాలెం ఈ చిత్ర కథకు నేపథ్యం. వేర్వేరు వయసులలో ఉన్న నాలుగు జంటల ప్రేమకథలు సమాంతరంగా నడిచి, ముగింపులో ఒక్కటిగా కలవడం దీని ప్రత్యేకత.

కథ

(గమనిక: ఈ విభాగంలో చిత్ర ముగింపు వివరించబడినది.)

మొదటి కథ బడిపిల్లలది. వినాయక విగ్రహాలు చేసే వ్యక్తి కుమారుడైన సుందరం తన తరగతిలో చదివే సునీతను ఇష్టపడతాడు. తండ్రి ఆమెను అక్కడి నుండి పంపివేయడంతో సుందరం తన కోపాన్ని దేవునిపై చూపుతాడు. అది అతని ఇంట తీరని విషాదానికి దారితీస్తుంది.

రెండవ కథలో జోసెఫ్ అనే యువకుడు, బ్రాహ్మణ కుటుంబానికి చెందిన భార్గవి ప్రేమించుకుంటారు. జోసెఫ్ వ్యాయామశాలను అడ్డాగా చేసుకొని తగాదాలలో తిరిగేవాడు. మతం వేరు కావడంతో భార్గవి తండ్రి వారి వివాహానికి అంగీకరించడు. ఆమె తండ్రి మాటకు తలవంచి మరొకరిని పెళ్ళి చేసుకుంటుంది.

మూడవ కథ మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం అనే వ్యక్తిది. సరుకు కొనడానికి ముఖానికి ముసుగుతో వచ్చే సలీమాలో అతనికి కనిపించేవి కళ్ళు మాత్రమే. వాటినే ఇష్టపడతాడు. ఆమె వేశ్యావృత్తిలో ఉన్నదని తెలిసిన తరువాత కూడా పెళ్ళి చేసుకోవాలనే నిర్ణయించుకుంటాడు. కాని ఆమె మరణంతో ఆ ఆశ అడుగంటిపోతుంది.

నాలుగవ కథలో రాజు ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు. 49 ఏళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు. అందువల్ల ఊరివారి ఎగతాళికి, అనుమానపు మాటలకు గురవుతూ ఉంటాడు. ఆ కార్యాలయానికి ఒడిషాకు చెందిన రాధ అధికారిగా బదిలీపై వస్తుంది. ఆమె 42 ఏళ్ళ వితంతువు. ఎదిగిన కూతురు ఉన్నది. హోదా, భాష, వయసు అడ్డుగా ఉన్నా ఇద్దరి మధ్య స్నేహం పెరిగి పెళ్ళి ఆలోచనకు దారితీస్తుంది. రాధ అన్న దీనిని వ్యతిరేకించగా, కూతురు తల్లి పక్షాన నిలుస్తుంది.

రాజు, రాధల వివాహంతో కథ ముగుస్తుంది. సుందరం, జోసెఫ్, గడ్డం వేరు వేరు మనుషులు కారని, వారంతా వివిధ వయసులలోని రాజేనని ముగింపులో వెల్లడవుతుంది.

కథన పద్ధతి

పలువురి ప్రేమకథలను ఒకే చిత్రంలో అల్లే పద్ధతి కొత్తది కాదు. ఆంగ్లంలో లవ్ యాక్చువల్లీ (2003), హిందీలో లైఫ్ ఇన్ ఎ మెట్రో (2007) ఇటువంటివే. తెలుగులో ఎనిమిది కథల సమాహారంగా చందమామ కథలు (2014) వచ్చింది. ప్రేమకథ కాకపోయినా, అయిదుగురి జీవితాలను ఒక ఆసుపత్రిలో కలిపిన వేదం (2010) కూడా ఈ కోవకే చెందుతుంది. ఇటువంటి చిత్రాలలో సాధారణంగా వేర్వేరు మనుషులు ఒకే కాలంలో జీవిస్తూ, ఏదో ఒక చోట ఎదురుపడతారు.

కేరాఫ్ కంచరపాలెం ఈ అలవాటునే ఆధారం చేసుకున్నది. కథలను ఒకదాని తరువాత ఒకటి కాక, మార్చి మార్చి చూపడం వలన అవన్నీ ఒకే సమయంలో జరుగుతున్నాయని ప్రేక్షకుడు భావిస్తాడు. పేర్లు, నటులు వేరు కావడం, కాలాన్ని స్పష్టంగా సూచించకపోవడం ఆ భావనను బలపరుస్తాయి. చివరకు ఇక్కడ కలిసినవి నలుగురి జీవితాలు కావని, ఒకే జీవితంలోని నాలుగు దశలని తెలుస్తుంది.

ఇది కేవలం ఆశ్చర్యం కలిగించడానికి చేసిన ఏర్పాటు కాదు. రాజు ఎందుకు పెళ్ళి చేసుకోలేదన్న ఊరి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉన్నది. ఒక వయసులో పెద్దల కట్టడి, ఒక వయసులో కులమతాలు, మరొక వయసులో విధి అతని ప్రేమను దూరం చేశాయి. అతని ఒంటరితనాన్ని ఎగతాళి చేసే సమాజమే అందుకు కొంతవరకు కారణమని ముగింపు స్పష్టం చేస్తుంది. అంతవరకు రాజును నవ్వు పుట్టించే పాత్రగా చూసిన ప్రేక్షకుడు కూడా తన అభిప్రాయాన్ని మార్చుకోవలసి వస్తుంది.

తారాగణం

రాజుగా సుబ్బారావు
రాధగా రాధా బెస్సీ
సుందరంగా కేశవ కర్రి
సునీతగా నిత్యశ్రీ గోరు
జోసెఫ్‌గా కార్తీక్ రత్నం
భార్గవిగా ప్రణీత పట్నాయక్
గడ్డంగా మోహన్ భగత్
సలీమాగా పరుచూరి ప్రవీణ

నిర్మాణం

ఈ చిత్రంలో ప్రముఖ తారలెవరూ లేరు. ఎనభైమందికి పైగా స్థానికులు ఇందులో నటించారు. వీరిలో అధికులకు అంతకు ముందు నటనానుభవం లేదు. సంభాషణలు ఉత్తరాంధ్ర మాండలికంలో సాగుతాయి. ఈ యాసను తెలుగు సినిమాలలో తరచుగా హాస్య పాత్రలకే వాడేవారు. ఇందులో అన్ని భావాలకూ అదే భాష కావడం గమనించదగినది. నిర్మాత ప్రవీణ అమెరికాలో స్థిరపడిన వైద్యురాలు. సలీమా పాత్రను ఆమే పోషించింది.

స్వీకార్ అగస్తి సంగీతం సమకూర్చాడు. "ఆశా పాశం" అనే పాటను విశ్వ రచించగా అనురాగ్ కులకర్ణి పాడాడు. చిత్రంలోని పాటలలో ఇది విశేష ప్రజాదరణ పొందినది.

విడుదల, ఆదరణ

2018లో, దేశంలో విడుదలకు ముందే ఈ చిత్రం న్యూయార్క్ భారతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించబడినది. విడుదలైన తరువాత విమర్శకుల ప్రశంసలు పొందినది. తారలు లేని చిన్న చిత్రాలకు తెలుగులో ప్రేక్షకులు ఉన్నారనడానికి దీనిని ఉదాహరణగా పేర్కొంటారు. దర్శకుడు మహా తరువాతి చిత్రం ఉమామహేశ్వర ఉగ్రరూపస్య 2020లో వచ్చింది.

పునర్నిర్మాణం

ఈ చిత్రాన్ని తమిళంలో కేరాఫ్ కాదల్ పేరుతో హేమాంబర్ జాస్తి దర్శకత్వంలో పునర్నిర్మించారు. అది 2021లో విడుదలైనది. తెలుగులో జోసెఫ్‌గా నటించిన కార్తీక్ రత్నం తమిళంలో కూడా అదే పాత్రను పోషించాడు.