వాల్వు ప్రీయాంప్లిఫయరులో విడతల రొద

వాల్వు ప్రీయాంప్లిఫయరు అనగా గ్రామఫోను పికప్పు, మైకు వంటి వాటినుండి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని నిర్వాత నాళికల సహాయంతో పెద్దది చేసే పరికరము. ఇంట్లో స్వయంగా నిర్మించుకొన్న ఇటువంటి పరికరాలలో కాసేపు వినిపించి, కాసేపు మాయమయ్యే చిటపటలు, బుసలు ఒక సాధారణ సమస్య. ఎడతెగని రొదకంటే దీనిని పట్టుకోవడం కష్టం. మూత విప్పేసరికి అది ఆగిపోతుంది.

నేపథ్యము

హైదరాబాదు సంస్థానంలో 1935లో దక్కన్ రేడియో ప్రారంభమైన తరువాత తెలంగాణ పట్టణాలకు వాల్వు రేడియోలు పరిచయమయ్యాయి. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుండి వాల్వులను దేశంలోనే తయారుచేసింది. ట్రాన్సిస్టరు వచ్చాక పక్కకు పోయిన ఈ వాల్వులను పాత సెట్లనుండి ఊడదీసి యాంప్లిఫయర్లు కట్టుకొనే అభిరుచి నేటికీ ఉన్నది. ఈ పనికి ఎక్కువగా వాడేది ఇసిసి83. దీనికే 12ఎఎక్స్7 అని మరో పేరు.

రొద ఎందుకు పెద్దదవుతుంది

ఒక ఇసిసి83లో రెండు ట్రయోడులుంటాయి. ఒక్కొక్కటి సుమారు 60 రెట్లు పెంచుతుందనుకొంటే రెండూ కలిసి 3600 రెట్లు. అంటే మొదటి గ్రిడ్డువద్ద 10 మైక్రోవోల్టుల కదలిక చివరకు 36 మిల్లీవోల్టులౌతుంది. కాబట్టి దోషం ఎక్కువగా మొదటి అంచెలోనే దొరుకుతుంది.

ముందుగా ప్రాణరక్షణ

ఈ పరికరంలో 250 నుండి 300 వోల్టుల డి.సి. ఉంటుంది. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకిన తరువాత కూడా ఫిల్టరు కండెన్సర్లలో ఇది నిలిచి ఉండి మనిషిని చంపగలదు. 10 కిలో ఓములు, 5 వాట్ల రెసిస్టరును బాగా ఇన్సులేషను ఉన్న తీగలతో కొన్ని సెకన్లు కలిపి ఛార్జిని ఖాళీచేసి, మల్టీమీటరుతో సున్నాకు వచ్చిందని చూసిన తరువాతే చేయి పెట్టాలి. స్క్రూడ్రైవరుతో టప్పుమనిపించే అలవాటు మంచిది కాదు. పరికరం నడుస్తుండగా కొలవవలసివస్తే ఒకే చేయి వాడాలి.

రొద లోపలిదా, బయటిదా?

నిజాంసాగర్ ఆయకట్టులోని బోధన్ ప్రాంతం చెరకుకు పేరుపొందినది. 1937లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం ఇక్కడి శక్కర్‌నగర్‌లోనే ఉండేది. అది 2015 డిసెంబరులో మూతపడినా పొలాలు, బోరుమోటార్లు ఉన్నాయి. మోటార్లకు, ఇళ్ళకు ఒకే ట్రాన్స్‌ఫార్మరు ఉన్నచోట మోటారు స్టార్టరు వేసినప్పుడల్లా కరెంటు కుంగుతుంది, తీగలలో చిటపట పుడుతుంది. ఇంట్లోని ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటరు, చోకు ఉన్న ట్యూబులైటు కూడా ఇదే పని చేస్తాయి. బ్యాటరీతో నడిచే మీడియం వేవ్ రేడియోను స్టేషను లేనిచోట తిప్పి పక్కన పెట్టాలి. యాంప్లిఫయరు చిటపటలాడిన క్షణానే రేడియో కూడా చిటపటలాడితే కారణం బయట ఉండే అవకాశం ఎక్కువ. ఫిలమెంటుకు 6.3 వోల్టులు కావాలి. అది 5.7 కన్న తగ్గుతున్నదేమో కూడా చూడాలి.

రొద ఎప్పుడు వచ్చిందో ఒక పుస్తకంలో వ్రాసుకోవడం చిన్న పనిగా కనిపించినా మీటరుకంటే ఎక్కువ చెబుతుంది. స్విచ్చి వేసిన పది, ఇరవై నిమిషాలకు మొదలైతే వేడికి వ్యాకోచించే టంకపు అతుకును గాని, రెసిస్టరును గాని అనుమానించాలి. వానాకాలంలోనే వస్తే సాకెట్టుమీద, బోర్డుమీద మిగిలిన టంకపు జిగురుకు తేమ పట్టి కరెంటు కారుతుండవచ్చు.

వెదికే పద్ధతి

వాల్యూం తగ్గిస్తే రొద తగ్గినచో దోషం కంట్రోలుకు ముందున్నది. తగ్గకపోతే తరువాత ఉన్నది. తిప్పుతున్నప్పుడు మాత్రమే గరగరలాడితే ఆ కంట్రోలులోనే దుమ్ము చేరింది, లేదా దానికి డి.సి. చేరుతున్నది.

స్టీరియో పరికరమైతే, ఆపి చల్లారనిచ్చి, రెండు ఛానళ్ళ వాల్వులను తారుమారు చేయాలి. రొద వాల్వుతోబాటు రెండవ ఛానలుకు పోతే వాల్వు చెడినది. పోకుండా ఉన్నచోటనే ఉంటే సాకెట్టునో, చుట్టుపక్కల భాగాలనో చూడాలి. అయితే వాల్వును పీకి మరల పెట్టడంలోనే పిన్నుల మకిలి రాసుకుపోయి, దోషం తాత్కాలికంగా నయమైనట్లు కనబడుతుంది. చాలామంది ఇక్కడే మోసపోయి మంచి వాల్వును పారవేస్తారు. అందువలన పిన్నులను, సాకెట్టును శుభ్రంచేసిన తరువాతే వాల్వుపై తీర్పు చెప్పాలి.

నడుస్తున్న పరికరంలో ఒక్కొక్క భాగాన్ని ఎండిన వెదురుపుల్లతో మెల్లగా తట్టడం పాతకాలపు రేడియో మెకానిక్కుల పద్ధతి. పెన్సిలు పనికిరాదు, దాని ములికి విద్యుద్వాహకము. ఏ వాల్వును తట్టినా కొద్దిగా గంట మ్రోగినట్లు వినబడటం సహజం, కాని చిటపట రాకూడదు.

తట్టినా చలించని రొదకు తరచు కారణం ప్లేటుకు కలిపిన 100 కిలో ఓముల రెసిస్టరు. పాత కార్బన్ రకంలో కరెంటు పారుతుంటే రేణువుల మధ్య స్పర్శ మారుతూ సన్నని చిటపట పుడుతుంది. మీటరుతో కొలిస్తే విలువ సరిగానే కనిపించవచ్చు. దాని స్థానంలో మెటల్ ఫిల్ము రకం వేసి చూడటమే పరీక్ష.

రెండు అంచెల మధ్యనున్న కప్లింగ్ కండెన్సరు కారుతున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి తరువాతి గ్రిడ్డువద్ద వోల్టేజి కొలవాలి. సాధారణంగా అది దాదాపు సున్నా. అర వోల్టు ధనాత్మకంగా ఉంటే అనుమానించాలి. ఈ రెండు అంచెలూ వేరువేరు వాల్వులలో ఉంటే, పరికరాన్ని ఆపి రెండవ వాల్వు తీసి మరల కొలవాలి. వోల్టేజి అలాగే ఉంటే కారుతున్నది కండెన్సరు, పోతే వాల్వు. ఫిలమెంట్లు సమాంతరంగా ఉన్న పరికరంలోనే ఇలా తీయవచ్చు. వాల్వు తీసినప్పుడు హెచ్.టి. కొంత పెరుగుతుంది గనుక ఫిల్టరు కండెన్సర్ల పరిమితిని ముందే చూసుకోవాలి.