బదిలీ ఇంట బేరం

తార్‌బహార్ అంటే హిందీలో ‘తీగకు వెలుపల’ అని అర్థం. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లకు చేరువలోని పేట అది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుంచీ ఈ దారి వెంట ఎందరో తెలుగువారు కొలువులకు వచ్చారు. ఇటువంటి చోట బదిలీ ఉత్తర్వు అందిన ఇంటి వరండాయే పాత సామాను అంగడి. మొదట కూలరు బయటికి వస్తుంది. పిమ్మట మంచం, బీరువా. అన్నిటికంటె చివర తులసి కుండీ.

కొనేవారు ముందుగా తెలుసుకోవలసింది తేదీలు. ఉద్యోగ విరమణ సాధారణంగా నెల ఆఖరి రోజున జరుగుతుంది. ఆపైన 4 నెలలు, బదిలీ అయితే 2 నెలలు, మామూలు అద్దెకే క్వార్టరు ఉంచుకోవచ్చు. గడువు మొదట్లో వెళితే మంచి వస్తువు దొరుకుతుంది. చివర్లో వెళితే ధర తగ్గుతుంది గాని మిగిలినదే దక్కుతుంది. కూలరును మాత్రం వానలు పడ్డాక అడగండి. మే నెల ఎండలో దానికి బేరమే ఉండదు.

వెళ్లగానే “ఎంతకిస్తారు?” అనకండి. “కొని ఎన్నేళ్లయింది, పిన్నిగారూ?” అని అడిగితే వస్తువు చరిత్ర అంతా బయటపడుతుంది. కూలరులో నీళ్లు పోయించి అరగంట తిప్పి చూడండి. రేకుకు కరెంటు వస్తున్నదేమో టెస్టరుతో పరీక్షించండి. బీరువా కింది మూలలు చూడండి. తుప్పు మొదలయ్యేది అక్కడే. మంచం కోళ్ల కింద సన్నని పొడి రాలి ఉంటే పుచ్చు పట్టినట్లే. నల్లుల సంగతి ఎండలో పెడితే తెలుస్తుంది.

గ్యాసు పొయ్యి కొనవచ్చు, సిలిండరు కొనరాదు. అది కంపెనీ సొత్తు. వెళ్లేవారు దానిని డీలరుకు అప్పగించి, కొత్త ఊరిలో కనెక్షనుకు పనికివచ్చే వోచరు తీసుకోవాలి.

అన్నిటికంటె ప్రమాదకరమైనది రైల్వే ముద్ర ఉన్న వస్తువు. దుప్పటి కావచ్చు, రాగి తీగ కావచ్చు, రైలుపెట్టె పంకా కావచ్చు. (ఆ పంకా 110 వోల్టులది, 230 వోల్టుల ఇంట్లో ఎలాగూ పనికిరాదు.) 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం, దొంగిలించినదని సహేతుకమైన అనుమానం కలిగించే రైల్వే సొత్తు ఎవరివద్ద దొరికితే, అది న్యాయంగా వచ్చిందని వారే రుజువు చేయాలి. మొదటి నేరానికే 5 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. ప్రత్యేక కారణాలు లేకపోతే శిక్ష ఏడాదికి తగ్గదు. “అమ్మినవారు పెద్దమనుషులు” అన్న ఒక్క మాట అక్కడ చాలదు. వేలంలో కొన్నదైతే ఆ రసీదు చూపమనండి. సైకిలుకు కూడా ఫ్రేము నంబరు వేసి చీటీ రాయించుకోవడం మంచిది.

బేరం కుదిరిన సామాను ఆనాడే తీసుకుపోవాలి. లారీ వాకిట నిలిచిన ఉదయాన, ఎవరికి అమ్మిన బీరువా ఏదో తేల్చే తీరిక ఆ ఇంట ఎవరికీ ఉండదు.