మూడో రాత్రి వార్డులో ఎవరుంటారు?

నిజామాబాద్: బోధన్, రెంజల్, ఎడపల్లి, కోటగిరి ప్రాంతాల్లో పొలం పని ముగించుకుని వచ్చే కూలీకి కల్లు దుకాణం దారి కొత్త కాదు. మగవారే కాదు, పొద్దంతా బీడీలు చుట్టి నడుం పట్టేసిన ఆడవారు సాయంత్రం ఒక సీసా తాగి పడుకుంటే ఈ జిల్లాలో ఎవరూ వింతగా చూడరు. చెట్టు నుండి దించిన కల్లు సంగతి వేరు. చెట్లు తక్కువై తాగేవారు ఎక్కువైన చోట సీసాలోకి వచ్చే సరుకు వేరు. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు నీళ్లలో కలిపి అమ్ముతూ పట్టుబడ్డ కేసులు ఎన్నో ఉన్నాయి. డైజిపాం, అల్ప్రాజోలం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందకు వచ్చే మందులు. డాక్టరు చీటీ లేనిదే మందుల దుకాణంలో ఇవ్వకూడదు. అవే ఇక్కడ సీసాల్లో, చీటీ లేకుండా, ఏళ్ల తరబడి జనం కడుపులోకి పోయాయి.

ఈ కల్లు తాగేవాడికి తాగిన రోజుకంటే మానేసిన రోజే గండం. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, నిద్ర రాదు. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటి మూడో రోజు వచ్చేసరికి కొందరికి లేనివి కనిపిస్తాయి. గోడ మీద చీమలు పాకుతున్నాయంటారు, ఎవరో పిలుస్తున్నారని లేచి పరుగెత్తుతారు, కన్నవారిని గుర్తుపట్టరు. ఇంట్లో వాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, లేదంటే మంచానికి తాళ్లతో కట్టేస్తారు. ఇది గాలీ కాదు, పిచ్చీ కాదు. మత్తుకు అలవాటు పడ్డ మెదడుకు మత్తు హఠాత్తుగా ఆగిపోతే వచ్చే జబ్బు. చికిత్స లేకపోతే ప్రాణం పోవచ్చు. చికిత్స ఉంటే చాలామంది కొద్ది రోజుల్లో తేరుకుంటారు.

జిల్లా ఈ సంగతిని 2015లో కళ్లారా చూసింది. కల్తీ కల్లుపై ప్రభుత్వం దాడులు ముమ్మరం చేయడంతో దుకాణాల్లో మందు పాళ్లు ఒక్కసారిగా తగ్గాయి. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు వణుకుతో, ఫిట్స్‌తో, మతి తప్పి జనం రావడం మొదలైంది. కొందరు చనిపోయారు కూడా. సరుకు పట్టుకోవడం ఎక్సైజు వారి పని, పడిపోయిన వాడిని లేపడం ఆసుపత్రి వారి పని. దాడికి వెళ్లే ముందు పక్కనున్న ఆసుపత్రికి ఒక్క మాట చెప్పి ఉంచితే అదనంగా పడకలు, అదనంగా మనుషులు సిద్ధంగా ఉంటారు. ఇంత చిన్న విషయానికి పెద్ద కమిటీ అక్కరలేదు. పాత నిజామాబాద్ జిల్లాలో ఉండి ఇప్పుడు కామారెడ్డిలో కలిసిన బీర్కూరు, నస్రుల్లాబాద్ మండలాల్లో 2025 ఏప్రిల్‌లో కల్తీ కల్లు తాగి పదుల సంఖ్యలో జనం ఆసుపత్రి పాలయ్యారు. అదే ఏడాది జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి. కాబట్టి ఇది గడిచిపోయిన కథ కాదు.

అడగవలసిన ప్రశ్న

మందుల కంటే ముందు కావలసింది ఏమి అడగాలో తెలిసిన మనిషి. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు నర్సు "మందు తాగుతావా?" అని అడుగుతుంది. రోగి "ముట్టను" అంటాడు. అబద్ధం కాదు. అతని లెక్కలో మందు అంటే బ్రాందీ, విస్కీ. కల్లు మందు కాదు. కాగితం మీద "అలవాట్లు లేవు" అని పడిపోతుంది. కాలు విరిగి ఎముకల వార్డులో చేరినవాడు, హెర్నియా ఆపరేషనుకు వచ్చినవాడు, కాన్పుకు వచ్చిన ఇల్లాలు మూడో రోజు ఫిట్స్‌తో కొట్టుకుంటే కారణం అర్థం కాక అందరూ కంగారు పడతారు. "కల్లు తాగుతావా, రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు తాగావు?" అన్న మూడు ముక్కలు మొదటి రోజే అడిగి ఉంటే ఆ రాత్రి తప్పేది. అందుచేత ఈ శిక్షణ మానసిక వైద్యుల వార్డుకే పరిమితమైతే చాలదు. అన్ని వార్డుల నర్సులకూ, 108 బండి సిబ్బందికీ, ఊళ్లో ఆశా కార్యకర్తకూ అందాలి.

ఆడవారి సంగతి మరీ నాజూకు. భర్త ముందు, అత్త ముందు ఏ ఆడమనిషీ తన సీసాల లెక్క చెప్పదు. పక్కకు పిలిచి అడిగే ఆడ సిబ్బంది లేనిచోట ఆ లెక్క ఎప్పటికీ బయటికి రాదు.

రాత్రి డ్యూటీ

డాక్టరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి చూస్తాడు. మిగతా వేళల్లో రోగి దగ్గర ఉండేది నర్సు, వార్డుబాయి, ఆయమ్మ. జబ్బు ముదిరేది ఎక్కువగా రాత్రే. ఈ ముగ్గురికీ తెలియవలసినవి పుస్తకాల్లో దాగిన రహస్యాలేమీ కావు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టకూడదు, నోట్లో చెంచా దూర్చకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి ఆడుతోందా లేదా చూడాలి. మతి తప్పిన వాడితో చీమలు లేవని వాదించకూడదు. లైటు వేసి ఉంచి, తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టి, ఇది ఆసుపత్రి, ఈరోజు ఫలానా వారం అని నెమ్మదిగా చెబుతుండాలి.

ఊళ్లో నీరసం అనగానే గ్లూకోజు ఎక్కించడం మనవాళ్లకు అలవాటు. ఏళ్లుగా తాగి సరిగా తినని ఒంటికి బి1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఈ ఒక్క ముక్క తెలిసిన నర్సు ఒక జీవితాన్ని కాపాడగలదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. మత్తు దింపేందుకు డాక్టర్లు డైజిపాం వంటి మందునే లెక్క ప్రకారం ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వస్తారు. అదే సమయంలో బాధ చూడలేక చుట్టాలు టిఫిన్ క్యారియర్‌లో కల్లు సీసా తెచ్చిపెడితే రెండు మత్తులు కలిసి ఊపిరే ఆగిపోవచ్చు. క్యారియర్ విప్పి చూడమని చుట్టాన్ని నొప్పించకుండా అడగడం కూడా ఒక విద్యే. దాన్ని నేర్పాలి.

ఎవరిని పెట్టుకోవాలి?

కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే వ్యసన విముక్తి కేంద్రాల్లో డాక్టరు, నర్సు, కౌన్సిలరు, వార్డుబాయితో పాటు పీర్ ఎడ్యుకేటర్ అనే ఉద్యోగి ఉంటాడు. తాను ఒకప్పుడు తాగి, మాని, నిలదొక్కుకున్నవాడు. రోగికి డాక్టరు చెప్పిన పది మాటల కంటే "నాకూ ఇట్లాగే చేతులు వణికినయి" అని ఇతడు చెప్పే ఒక్క మాట ఎక్కువ నాటుకుంటుంది. అయితే నిన్న మొన్న మానినవాడిని మరునాడే తెచ్చి వార్డులో కూర్చోబెట్టడం అతనికీ మంచిది కాదు, రోగులకూ మంచిది కాదు. కొంతకాలం ఆగాలి. ఒకవేళ అతడే మళ్లీ తాగితే ఏం చేయాలో కూడా కేంద్రం ముందే రాసి పెట్టుకోవాలి. మెడపట్టి గెంటితే అన్నాళ్లు అతడు చెప్పిన మాటలన్నీ గాలికి పోతాయి. వార్డు పని నుండి తప్పించి, అతడికి కూడా చికిత్స ఇప్పించడమే మేలు.

కొన్ని విషయాల్లో మాత్రం మెతకదనం పనికిరాదు. డ్యూటీలో తాగి వచ్చేవాడు, రోగి మీద చేయి చేసుకునేవాడు, మందుల అలమారా తాళం ఎవరికి పడితే వారికి ఇచ్చేవాడు, ఫలానావాడు మా దగ్గర చేరాడని బజారులో చెప్పేవాడు ఈ పనికి తగడు. పల్లెల్లో ఆ చివరి తప్పే పెద్దది. పెళ్లి సంబంధం తప్పిపోతుందన్న భయంతోనే ఎంతోమంది ఆసుపత్రి గడప తొక్కరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను తన కిందకు తెచ్చింది. గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. కొట్టి మాన్పిస్తామనే కేంద్రం ఏదైనా ఉంటే అది చికిత్స కాదు, చట్టం ఒప్పదు.

తమిళనాడులో ఒక ఉదాహరణ ఉంది. భర్తను మద్యం బలిగొన్న తర్వాత శాంతి రంగనాథన్ 1980లో మద్రాసులో టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ స్థాపించారు. చికిత్సతో పాటు ఇతర కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇవ్వడం ఆ సంస్థ పనిలో పెద్ద భాగమైంది. పట్నానికి రాలేని వారి కోసం మంజక్కుడి అనే పల్లెలోనే శిబిరాలు పెట్టి, చికిత్సను ఊరి మధ్యకు తీసుకెళ్లారు. బోధన్ చుట్టుపక్కల పల్లెలకు అటువంటి శిబిరం ఎందుకు పనికిరాదు? కూలి పోగొట్టుకుని, పాతిక కిలోమీటర్లు దాటి నిజామాబాద్ వార్డులో వారాల తరబడి ఉండడం అందరి వల్లా కాదు.

మన దగ్గరే 2013లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. బోధించేవారు అక్కడ ఉన్నారు, నేర్చుకోవలసినవారు బోధన్, బాన్సువాడ, ఆర్మూరు ఆసుపత్రుల్లో ఉన్నారు. బెంగళూరు నిమ్హాన్స్ ఇంటర్నెట్ ద్వారా దూరాన ఉన్న డాక్టర్లకు, నర్సులకు పాఠాలు చెబుతున్నది. ఇక అడ్డు వచ్చేది వేరే ఉంది. నేర్చుకున్న మనిషి నిలవకపోవడం. కాంట్రాక్టు మీదనో గౌరవ వేతనం మీదనో పనిచేసే కౌన్సిలరు, గ్రాంటు రావడం ఆలస్యమై రెండు మూడు నెలలు జీతం అందకపోతే వేరే కొలువు చూసుకుంటాడు. అతడితో పాటు శిక్షణా పోతుంది. కొత్తవాడికి మళ్లీ మొదటి నుండి చెప్పాలి. రోగి కూడా తన గోడు కొత్త మనిషికి మళ్లీ మొదటి నుండి చెప్పుకోవాలి, చాలామంది చెప్పుకోరు. ఇక ఒక్క నర్సునే వరుసగా రాత్రిళ్లు వేస్తే ఎంత చదువుకున్నదైనా తెల్లవారుజామున కన్ను మూయక మానదు.

1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడే దాకా బోధన్‌లో షిఫ్టు అంటే ఏమిటో పిల్లలకు కూడా తెలుసు. షిఫ్టుకు వచ్చినవాడు ఎదుటివాడి నుండి పని అప్పగింత తీసుకోనిదే మిషను దగ్గర మనిషి కదిలేవాడు కాదు. వార్డుకు కావలసింది అదే. రాత్రి ఎనిమిదింటికి వచ్చే నర్సుకు పగటి నర్సు మంచం మంచానికీ తిరిగి చూపాలి: ఈయనది మూడో రోజు, ఈమె నిన్న నాలుగు సీసాలని చెప్పింది, ఆ మూల మంచం ఆయనకు సాయంత్రం చెమటలు పట్టాయి.

ఇంట్లో ఎవరైనా కల్లు మానదలిస్తే ఒక్కసారిగా ఆపి గదిలో వేసి గొళ్లెం పెట్టవద్దు. ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మానిపించే పొడి అంటూ అమ్మేవి అన్నంలో చాటుగా కలిపి పెట్టవద్దు. వాటిలో ఏముందో తెలియదు, కొన్ని మందుల మీద తాగితే ప్రాణాపాయం. సలహా కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే 14446 నంబరుకు ఫోను చేయవచ్చు, డబ్బు అక్కరలేదు. చీటీ రాసే చోట ఎవరూ అడగకపోయినా, "మావాడు కల్లు తాగుతడు, నిన్న పొద్దుటి నుండి ముట్టలే" అని వెంట వెళ్లినవారే చెప్పాలి.