పదునారు లోకముల కథ: ఫైనల్ ఫ్యాంటసీ

ఆటలన్నియు నొక్క జాతివి కావు. కొన్నింట గెలుపోటములు నిమిషములలో తేలిపోవును; మరికొన్నింట నాడువాడొక వీరుని పాత్రను ధరించి, దుర్బలుడుగా బయలుదేరి, ఊరూర జనులను పలుకరించి వార్తలెరిగి, శత్రువులతో పోరి యనుభవమును దానివలన బలమును గడించుచు, దినములు వారములు గడచువరకు నొక దీర్ఘకథను తానే నడపవలసియుండును. ఈ రెండవ జాతిని రోల్ ప్లేయింగ్ గేములందురు. ఇట్టివానిలో జపానుదేశమున పుట్టి నాలుగు దశాబ్దములకు చేరువగా ఖండాంతరములయందును ఆదరణ పొందుచున్న 'ఫైనల్ ఫ్యాంటసీ' చరిత్రము, మన పురాణములతో దానికిగల చిత్రమైన సంబంధమువలన, రాయవేలూరు గుడియాత్తము ప్రాంతముల తెలుగువారు ప్రత్యేకముగా తెలిసికొనదగినది.

1986లో ఎనిక్స్ సంస్థ వెలువరించిన యూజీ హోరీ కృతి 'డ్రాగన్ క్వెస్ట్' జపానుప్రజలకు ఈ విధమైన యాటలయందు మక్కువ కలిగించెను. అప్పుడు స్క్వేర్ అను చిన్న సంస్థలో పనిచేయుచుండిన హిరొనోబు సకగుచి, ఈ ప్రయత్నమును ఫలింపనిచో ఆటల నిర్మాణమునే విడిచి విశ్వవిద్యాలయమునకు మరలిపోవుదునని నిశ్చయించుకొని, 1987 డిసెంబరు 18న నింటెండోవారి ఫామికామ్ యంత్రమునకై తన తొలి 'ఫైనల్ ఫ్యాంటసీ'ని లోకమున కర్పించెను. యొషితక అమానో చిత్రములు గీసెను. నొబువో ఉయెమత్సు సంగీతము కూర్చెను. ఇరానుదేశమున జన్మించిన నాసిర్ గెబెల్లీ ప్రోగ్రామును రచించెను. పృథివి, అగ్ని, జలము, వాయువు అను నాలుగు భూతముల స్ఫటికములు కాంతి కోల్పోగా, నలుగురు వీరులు వానిని మరల వెలిగించుట అందలి కథ.

ఆ కథ యంతటితో ముగిసెను. రెండవ యాటలో లోకము వేరు, వీరులు వేరు, కష్టములును వేరు, మూడవదానియందును అంతే. ఏటేట వైకాసి నెల మొదట గుడియాత్తమున జరుగు గంగమ్మ సిరసు ఉత్సవమును చూచినవారికి ఇందలి మర్మము సులువుగా బోధపడును. పరశురాముడు ఖండించిన రేణుకాదేవి శిరస్సు వేరొక స్త్రీ దేహమున కతికి ప్రాణము పొందెనను కథ ననుసరించి అచ్చట అమ్మవారి శిరస్సు ఊరేగి వచ్చి దేహముతో కూడును గదా; అట్లే ఈ క్రీడలలోను స్ఫటికములు, చొకోబో అను వాహనపక్షి, సిడ్ అను పేరుగల నిపుణుడు మున్నగు గురుతులు మాత్రము మిగిలి, ప్రతిపర్యాయము క్రొత్త దేహమున కమరుచుండును.

ఆ గురుతులలో మిక్కిలి విలక్షణమైనవి దేవతల పేర్లు. 1990లో వచ్చిన మూడవ యాటనుండి వీరులు మంత్రబలముచే దివ్యశక్తుల నాహ్వానించు పద్ధతి నెలకొనెను. నార్సు పురాణముల ఓడిన్, అరబ్బు గాథల ఇఫ్రీత్‌తోపాటు అందు 'శివ'యు గలదు. కాని యీ శివ మంచును కురిపించు స్త్రీమూర్తి. 1991నాటి నాలుగవ యాటలో అసుర మూడు ముఖములుగల రాణి. పదునాలుగవదానిలో గరుడ పెనుగాలులకు అధిదేవతయైన స్త్రీ. 2017లో అందు చేరిన లక్ష్మిని కొలుచు సర్పదేహలకు అనంతయని పేరు. వేదమున జలములను నిరోధించి యింద్రునిచే హతుడైన వృత్రుడు, 2021లో వెలువడిన భాగమున నొక నగరమును వాత్సల్యముతో కాపాడు మహానాగము. పేర్లు మనవే యైనను వాని వెనుకటి కథలు సముద్రము దాటలేదు.

1997లో ఏడవ యాట నింటెండోను వీడి, సోనీవారి ప్లేస్టేషన్‌కు మూడు సీడీలుగా వచ్చినపుడు ఈ పరంపర ప్రపంచప్రఖ్యాతి నొందెను. కథానాయికలలో నొకతెయైన ఏరిత్ నడుమనే హతురాలగుట చూచి కన్నీరు పెట్టినవారు దేశదేశముల నుండిరి. ఆటవలనను శోకరసము పండునని దానివలన లోకమునకు తెలిసెను. వైభవము వెంట విపత్తును వచ్చెను. సకగుచి దర్శకత్వమున 2001లో వచ్చిన కంప్యూటరు చలనచిత్రము తీవ్రనష్టమును మిగిల్చెను. 2003 ఏప్రిల్ 1న స్క్వేర్, తన చిరకాల ప్రత్యర్థియైన ఎనిక్స్‌తో నేకమయ్యెను. 2010లో అంతర్జాలమున వేలమంది కలిసి యాడుటకై విడుదలైన పదునాలుగవ యాట ఘోరముగా విఫలము కాగా, నవోకి యొషిద దానిని చేపట్టి, పాత లోకమును కథలోనే బహామూత్ అను మహానాగముచే ధ్వంసము గావించి, 2013లో నూతనలోకమును నిర్మించి నిలబెట్టెను. 2023లో పదునారవది వచ్చినది.

విజయము లభించినచోటనే నిలిచిపోక, కట్టినదానిని విడిచి మరల మొదటినుండి కట్టుటకు వెనుదీయని ధైర్యమే ఈ పరంపరను బ్రదికించినది. మీ యింటి పిల్లవాడు మంచుదేవతయైన శివను గూర్చియో, నగరరక్షకుడైన వృత్రుని గూర్చియో యుత్సాహముతో చెప్పినపుడు కోపింపకుడు. సాంతము విని, పిదప ఆ పేర్ల మూలకథలను వానికి వినిపింపుడు. ఆ కథలు చెప్పవలసిన బాధ్యత జపానువారిది కాదు, మనది.