దేవుడి చేనుకు మక్తా పెంచితే...

దేవస్థానం చేను చేస్తున్నారా? మక్తా పెంచాలని, లేకపోతే వేలం పెడతామని నోటీసు వచ్చిందా? నోటీసు చించి పారేయకండి. వెంటనే కోర్టుకు పరుగెత్తాల్సిన పనీ లేదు. ముందు మీ లెక్క చూసుకోండి.

జిరాయితీ కౌల్దారును కాచే 1956 నాటి కౌల్దారీ చట్టం దేవుడి భూములకు వర్తించదు. 1987 నాటి దేవాదాయ చట్టం 82వ సెక్షన్ ఆ దారి మూసేసింది. పేదలు కానివారి కౌళ్లు రద్దన్నదీ అదే సెక్షన్. కౌల్దార్లు దాన్ని సవాలు చేస్తే, చెల్లుతుందని 2001లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 'తాతలనాటి నుంచి మేమే చేస్తున్నాం' అన్న ఒక్క మాటతో కేసు నిలవదు.

అయితే చిన్న రైతుకు ఊతమూ అందులోనే ఉంది. సొంతం, కౌలు కలిపి మాగాణి రెండున్నర ఎకరాలు, మెట్టయితే ఐదెకరాలు మించకూడదు. బయటి ఆదాయానికీ పరిమితి ఉంది. అలాంటి రైతు ఆరేళ్లకు తగ్గకుండా వరసగా సాగు చేస్తుంటే, మార్కెట్ ధరలో 75 శాతానికి ఆ భూమి కొనుక్కోవచ్చంది చట్టం. కొనే శక్తి లేకపోతే, అదే తీరు భూములకు నడిచే మక్తాలో కనీసం మూడింట రెండొంతులు ఇస్తానని ఒప్పుకుని కౌల్దారుగా కొనసాగవచ్చంది. చుట్టుపక్కల ముప్పై బస్తాలు నడుస్తుంటే మీ వంతు ఇరవై అన్నమాట.

'అదే తీరు' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. భీమడోలు దగ్గర ఏలూరు కాలువ కింద నీరు సుఖంగా పారే చేనూ, కొల్లేరు వైపు సార్వాలో మునిగే పల్లపు చేనూ ఒకటెలా అవుతాయి? చేపల చెరువు లీజు చూపించి వరి చేనుకు మక్తా కడితే ఎక్కడ గిట్టుతుంది? దేవుడికి ధూపదీపాలు జరగాల్సిందే, కాదనం. కానీ పోలిక సరిగ్గా ఉండాలి. పక్క చేల మక్తా కాగితాలు, మీ అడంగల్ నకలు, ముంపుకు పంటనష్టం రాసిన జాబితా జతచేసి ఈవోకు అర్జీ పెట్టండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. మరో ప్రతి దేవాదాయ శాఖ అసిస్టెంట్ కమిషనర్‌కు పంపండి.

తగవు తేలేదాకా పాత మక్తా ఆపకండి. తీసుకోనంటే డీడీ తీసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. గడువు తీరాక కాగితం లేకుండా చేనులో ఉన్న కౌల్దారును 83వ సెక్షన్ ఆక్రమణదారు కిందే చూస్తుంది. గడువు ముగియకముందే పొడిగింపు అర్జీ ఇవ్వండి.